చదును రోడ్డు మీద ఇరవై ఆరు కేజీలు

మొన్న మధురవాడలో మా అపార్టుమెంటు కింద లిఫ్టు కోసం నిలబడి ఉన్నాను. నాలుగో అంతస్తులో ఉండే భార్యాభర్తలు ఒక కొత్త సైకిలుతో వచ్చారు. ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగాలు చేసేవాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు. ఆ అబ్బాయి సైకిలును గొడుగు పట్టుకున్నట్టు ఒక చేత్తో పట్టుకుని, "ఎనిమిది కేజీలే అంకుల్, ఒకసారి ఎత్తి చూడండి," అన్నాడు. సైకిలంటే ఎంత బరువుంటుందో నా చేతులకు ఒక లెక్క ఉంది. ఆ లెక్క ప్రకారం బలం కూడగట్టుకుని లేపాను. అది పూచికపుల్లలా లేచిపోయి, ముందు చక్రం ఆ అమ్మాయి చెవి పక్కనుంచి వెళ్ళింది. క్షమించమన్నాను. ఆ అమ్మాయి దాన్ని పట్టించుకునే స్థితిలో లేదు. వాళ్ళిద్దరి మధ్య వాదన అప్పటికే నడుస్తోంది. "పాత సైకిలు పధ్నాలుగు కేజీలు అంకుల్. ఈయన తొక్కేది బీచి రోడ్డులో చదునుగా ఉన్న ముక్క మీదే. ఎత్తు కనబడగానే వెనక్కి తిప్పేస్తారు. చదును రోడ్డు మీద ఆరు కేజీలు తగ్గితే ఏం ఒరుగుతుంది, మీరు చెప్పండి," అంది. "తేడా ఉంటుంది," అన్నాడు అతను, నేను తన పక్షమే మాట్లాడతానన్న నమ్మకంతో నావైపు చూస్తూ. ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసుననీ, నాలుగు అంతస్తులు ఎక్కేలోగా చెప్పడం మాత్రం కుదరదనీ అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేను హాస్యానికి అనలేదు. ఆ జవాబు పూర్తిగా తెలిసేసరికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో చాలా రోజులు, నేను ఎన్నాళ్ళు బతుకుతానా అని లోపల లెక్కలు వేసుకుంటూ గడిపాను.

ఎనభైల మొదట్లో మేము గాజువాకలో ఉండేవాళ్ళం. ఉక్కు కర్మాగారం కడుతున్నారని ఎక్కడెక్కడి మనుషులో వచ్చి దిగుతున్న కాలం. ఖాళీగా ఉన్న ప్రతి వసారాకీ ఒక తడక అడ్డం కట్టి అద్దెకు ఇచ్చేవారు. మాది రెండు గదుల పెంకుటిల్లు. మా అమ్మ, మా ఆవిడ, ఇద్దరు ఆడపిల్లలు, నేను. మా తాతగారి కాలంలో పదకొండు గ్రామాల శిస్తు మా లోగిలికి వచ్చేది. మా నాన్నగారి కాలంలో గ్రామాలు పోయాయి, నా చిన్నతనంలో లోగిలి పోయింది. ఎలా పోయాయన్నది ఇక్కడ అనవసరం; అప్పట్లో చాలామందికి పోయినట్టే మాకూ పోయాయి. వంశపారంపర్యంగా నాకు దక్కినవి రెండు: ఒక వంగని వీపు, ఒక సైకిలు.

ఆ సైకిలును మా తాతగారు దొరల సీమ నుంచి ఓడలో తెప్పించారు. ఇక్కడి హార్బరులోనే చెక్కపెట్టెలో, ఎండుగడ్డి మధ్య పడుకుని దిగిందని చెప్పేవారు. ఆయన మాత్రం దాన్ని ఒక్కసారి కూడా ఎక్కలేదు. మోకాళ్ళు పైకీ కిందికీ ఆడిస్తూ నలుగురి కళ్ళబడడం ఆయనకు నచ్చలేదట. సాయంత్రం ఆయన షికారుకు నడిచి వెళ్తుంటే వెనకాల ఒక నౌకరు ఆ సైకిలును నడిపించుకుంటూ వచ్చేవాడు. మా వంశంలో దాన్ని మొదట తొక్కింది మా నాన్నగారు, ఆ తర్వాత నేను. చైనుకు నిండుగా రేకు తొడుగు, వెనక చక్రానికి రెండు కాళ్ళ ఇనప స్టాండు, సీటు కింద నా పిడికిలంత లావు స్ప్రింగులు, పెళ్ళికొడుకును కూర్చోబెట్టి ఊరేగించదగిన కారియరు. స్టాండు తీస్తే చప్పుడు వీధి చివర దాకా వినబడేది. మా పిల్లలు ఆ చప్పుడు విని నేను బయల్దేరుతున్నానని తెలుసుకునేవారు.

నా ఉద్యోగం ఓడల్లోంచి సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో. క్రేను కొక్కెం పైకి లేచిన ప్రతిసారీ దాంతో ఎన్ని బస్తాలు లేచాయో చూసి గీతలు గీయడం నా పని. గాజువాక నుంచి మల్కాపురం మీదుగా పోర్టుకు వెళ్ళే రోడ్డు అప్పుడు పళ్ళెంలా చదునుగా ఉండేది. రెండు పక్కలా ఉప్పునేల, మడపొదలు, సాయంత్రమైతే ఎదురుగాలి. ఓడలకు ఎక్కించే ఇనపరాయి గుట్టల నుంచి ఎర్రధూళి లేచి ఆ దారంతా పరుచుకునేది. నేను తెల్లచొక్కాలే వేసేవాణ్ణి. ఇంటికి చేరేసరికి అవి ఇటుక రంగుకు తిరిగేవి. బట్టలు ఉతికే మా ఆవిడ ఖాకీ చొక్కాలు కుట్టించుకోమని చాలాసార్లు చెప్పింది. మా ఇంట్లో ఖాకీ వేసినవాళ్ళు ఎవరూ లేరన్నాను. "ఇంట్లో బట్టలు ఉతికినవాళ్ళు కూడా ఎవరూ లేరు కదా," అంది.

మా కంపెనీలోనే ఓడ మీద బరువులెత్తే వించి యంత్రం నడిపే ఒకతను రోజూ నాతోపాటు సైకిలు మీద వచ్చేవాడు. అనకాపల్లి అవతల పల్లెటూరి రైతు బిడ్డ, అన్నదమ్ముల పంపకంలో పొలం చాలక పట్నం వచ్చినవాడు. పరిచయమైన మొదటి రోజే నన్ను బావా అన్నాడు. నన్ను అలా పిలవదగిన కుటుంబాలు జిల్లా మొత్తానికి ఆరేడు ఉండేవి, వాటిలో అతనిది లేదు. ఒక వారం పలక్కుండా ఊరుకున్నాను. ఆ వారమంతా అతను అలాగే పిలిచాడు. రెండో వారం పలికాను. ఎప్పుడూ నాకన్నా నలభై యాభై గజాలు ముందుండేవాడు, అప్పుడప్పుడు ఆగి నా కోసం చూసేవాడు. "గుర్రమ్మీద కూకున్నట్టు కూకుంటావేటి బావా, కూసింత ఒంగు, గాలి తప్పుద్ది," అనేవాడు. నేను వంగేవాణ్ణి కాదు. "అయినా నిన్నని ఏటి లాభం. అది సైకిలా, రైలింజనా? అమ్మీసి ఒక మామూలు బండి కొనుక్కో." అమ్మే ప్రసక్తి లేదని చెప్పి, చదును రోడ్డు మీద బరువుతో పని లేదని వాదించేవాణ్ణి. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. సైకిలును సమర్థించుకోవడానికి నేనే కల్పించుకున్నాను.

ఒక వానాకాలం మధ్యాహ్నం కుండపోతగా కురిసి ఓడ పని ఆగిపోయింది. అందరం గోడౌనులో ఖాళీగా కూర్చున్నాం. పక్కనే బస్తాలు తూచే కాటా ఉంది. మా వించి అతను నా సైకిలు తెచ్చి దాని మీద నిలబెట్టాడు. ఇరవై ఆరు కేజీలు తూగింది. తర్వాత ఒక్కొక్కరూ తమ సైకిళ్ళు తెచ్చి పెట్టారు. ఏదీ పంతొమ్మిది దాటలేదు. "సూసినావా బావా, మా బండికీ నీ బండికీ తేడా ఒక గొర్రిపిల్ల. దాన్ని ఎత్తుకుని రోజూ పోర్టుకొస్తన్నావు," అన్నాడు. గోడౌనంతా నవ్వింది. అప్పుడు కొత్తగా చేరిన సూపర్వైజరు, లెక్కలు చదువుకున్న కుర్రాడు, సుద్దముక్క తీసుకుని గచ్చు మీద ఒక గీత గీశాడు. ఎత్తు ఎక్కాలంటే బరువు మోయాలి, బయల్దేరేటప్పుడు బరువు కదపాలి, ఒకసారి కదిలాక చదును రోడ్డు మీద ఆ ఏడు కేజీల తేడా మనిషికి తెలిసేంత ఉండదు, అక్కడ ఆపేది ముఖ్యంగా గాలి అని చెప్పాడు. కోర్టులో మా తాతల నాటి దావా ఒకటి గెలిచినంత సంతోషం వేసింది నాకు. వెనక కూర్చున్నవాళ్ళకు సరిగ్గా వినబడలేదేమోనని ఆ అబ్బాయి చేత ఇంకోసారి చెప్పించాను.

ఆ సంతోషం ఇంటిదాకా రాలేదు. వాన వెలిసాక తిరిగి వస్తుంటే మల్కాపురం దాటగానే ఆయాసం మొదలయింది. వించి అతను ఎప్పటిలా ముందుకు వెళ్ళిపోయాడు. గాలి ఇద్దరికీ ఒకటే. బరువుతో పని లేదని ఇప్పుడే రుజువైంది, రుజువు చేయించినవాణ్ణి నేనే. మరి నేను ఎందుకు వెనకబడుతున్నాను? సైకిలు తప్పు కాకపోతే తప్పు తొక్కేవాడిలో ఉండాలి. నాకప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. మా నాన్నగారు నలభై రెండో ఏట ఒక మధ్యాహ్నం ఇదే సైకిలు దిగి, స్టాండు వేసి, వసారాలో కూర్చుని, "కొంచెం ఆయాసంగా ఉంది," అన్నారు. అదే ఆయన చివరి మాట. గుండె అన్నాడు తర్వాత వచ్చిన వైద్యుడు. పోవడానికి ముందు ఏడాదంతా ఆయన సైకిలు బరువెక్కిందని అంటూ ఉండేవారని మా అమ్మ చాలాసార్లు చెప్పింది. నాకూ అలాగే, ఏటికేడు, కొంచెం కొంచెంగా, ఆ సైకిలు బరువెక్కుతూ వస్తోంది.

ఎవరికీ చెప్పలేదు. వైద్యుడి దగ్గరకు వెళ్ళలేదు. మా వాళ్ళకు జబ్బు చేస్తే వైద్యులు ఇంటికి వచ్చేవారు. మేము వెళ్ళి బల్ల మీద వరుసలో కూర్చోవడం లేదు. ఇంటికి వచ్చే వైద్యుడు గాజువాకలో దొరకడు కాబట్టి నేను చూపించుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే ఇది ఎంత తెలివితక్కువగా ఉందో తెలుస్తోంది. అప్పుడది ఆత్మగౌరవమే అనుకున్నాను. చేయగలిగింది ఒక్కటే కనబడింది: నా వెనక ఇల్లు తడబడకుండా చూడడం. ఏ కాగితం ట్రంకు పెట్టెలో ఏ అరలో ఉందో మా ఆవిడకు చూపించాను, వారం తర్వాత మళ్ళీ అడిగి అప్పజెప్పించుకున్నాను. అంతవరకు ఒంటరిగా గడప దాటని మనిషిని పూర్ణా మార్కెట్టుకు బస్సులో వెళ్ళి రావడం అలవాటు చేశాను. మొదటిసారి నేను అదే బస్సులో వెనక కూర్చున్నాను. రెండోసారి స్టాపు దగ్గర నిలబడి చూశాను. మూడోసారి ఆవిడ నన్ను రావద్దంది. "ఉన్నట్టుండి నన్ను ఇంత ప్రయోజకురాల్ని చేస్తున్నారు, ఏమిటండీ సంగతి?" అని అడిగింది. అవసరాలు ఎలా ఉంటాయో చెప్పలేం అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం పోర్టు నుంచి తిరిగి వస్తున్నాం. మా వించి అతను భోజనాల వేళ పూర్ణా మార్కెట్టుకు వెళ్ళి పాతిక కేజీల బియ్యం బస్తా కొని కారియరుకు కట్టుకున్నాడు. అయినా ఎప్పటిలాగే నా ముందున్నాడు. ఉప్పునేలల మధ్యకు వచ్చేసరికి నైరుతి గాలి ఎదురు కొట్టింది. చెవుల్లో నా గుండె చప్పుడు నాకే వినబడుతోంది. కాళ్ళు ఇక తిరగవనిపించింది. దిగి, సైకిలును కల్వర్టు గోడకు ఆనించి, నేనూ ఆ గోడ మీద కూర్చున్నాను. అతను వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఏటయింది బావా?"

"ఏం లేదు. చెప్పులో రాయి."

"రాయి సెప్పులో ఉంటే సెయ్యి గుండె మీదేటి?"

నేను అప్పటిదాకా గమనించలేదు. చెయ్యి తీసేశాను. ఇంకో అబద్ధం వెతికే ఓపిక లేకపోయింది. మా నాన్నగారు ఇలాగే పోయారని చెప్పాను. ఎనిమిది తొమ్మిది నెలలుగా నాలో నేను దాచుకున్న మాట, తీరా చెప్పడానికి నాలుగు ముక్కలు చాలాయి. అతను ఊరికే ఉండగలిగే మనిషి కాదు. పక్కన కూర్చుని, పోలీసులా అడగడం మొదలుపెట్టాడు.

"నడిస్తే ఆయాసం వస్తాదా?"

"రాదు."

"రోజూ నాలుగు సార్లు ఓడ నిచ్చెన ఎక్కుతన్నావు. అప్పుడో?"

"అప్పుడూ లేదు."

"మరి సైకిలెక్కితే వొచ్చి, సైకిలు దిగితే పోయే గుండి జబ్బేటి బావా? అలాటిది నాను ఇన్లేదు." లేచి నిలబడ్డాడు. "నీ బండి ఇలాగియ్యి. నువ్వు నాది ఎక్కు."

మరొకరి వాహనం తొక్కే అలవాటు మా ఇంట్లో లేదని చెప్పబోయాను. అప్పటికే అతను నా సైకిలు ఎక్కి పోతున్నాడు. నాతో మిగిలింది అతని సైకిలు, అతని ఇంటిల్లిపాదీ తినవలసిన బియ్యం. గత్యంతరం లేక ఎక్కాను. మొదటి పది గజాలు బస్తా బరువుకు అటూ ఇటూ తూలింది. కదపడం కష్టమే అయింది. ఆ తర్వాత జరిగినదాన్ని ఇప్పుడు కూడా నా కాళ్ళు గుర్తుపెట్టుకున్నాయి. కాటా లెక్క ప్రకారం అది నలభై నాలుగు కేజీలు, నా సైకిలు కన్నా పద్ధెనిమిది ఎక్కువ. అయినా అదే రోడ్డు, అదే ఎదురుగాలి, అదే గుండె. పెడలు కిందికి ఒకసారి నొక్కితే తర్వాతిది దానంతటదే వచ్చి పాదం కింద నిలబడుతోంది. రెండు మూడు ఫర్లాంగుల్లో అతన్ని అందుకున్నాను. అతను సీటు మీద కూర్చోలేదు. పెడళ్ళ మీద నిలబడి, తల వంచి, బావిలోంచి తోడుతున్నట్టు తొక్కుతున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. దాటి వెళ్ళి ఆగాను. అతను దిగి, రోడ్డు పక్కనే చతికిలబడ్డాడు.

"వించి నడిపి నడిపి ఈ కండలు పెంచినాను బావా. నీ బండి అరమైల్లో తీసీసింది. రోజూ ఎలాగ తొక్కుతన్నావు దీన్ని?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నీకున్నది గుండికాయ కాదు. వించి ఇంజను. దానికేటీ అవ్వదు, పద."

గాజువాక జంక్షను దగ్గర ఒక సైకిలు కొట్టు ఉండేది. పెద్దాయన ఒక్కడే పని చేసుకునేవాడు. నేను రోజూ ఆ కొట్టు ముందునుంచే వెళ్ళేవాణ్ణి, ఎప్పుడూ ఆగలేదు. ఆ సాయంత్రం ఇద్దరం అక్కడ ఆగాం. ఆయన నా సైకిలు వెనక చక్రాన్ని నేల నుంచి లేపి చేత్తో తిప్పాడు. ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు సగంలో ఆగిపోయింది. మా వించి అతని సైకిలు ముందు చక్రం లేపి తిప్పాడు. అది, మేము మాట్లాడుకుంటున్నంతసేపూ తిరుగుతూనే ఉంది.

"బరువు గొడవ కాదు బాబూ. సక్రం తిరగట్లేదు. ఇరుసు ఎప్పుడు ఇప్పి సుబ్బరం సేయించినారు?"

"ఎప్పుడూ లేదు. దీనిమీద బయటివాళ్ళ చెయ్యి పడలేదు," అన్నాను. అప్పటికింకా ఆ మాటలో కొంత గర్వం ఉంది.

"అదే మరి," అన్నాడాయన, పానా అందుకుంటూ.

ఇరుసు తీయడానికి చాలాసేపు పట్టింది. బయటికి వచ్చినదాన్ని ఆయన అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు చూపించాడు. చక్రం సులువుగా తిరగడానికి ఇరుసు చుట్టూ ఉండవలసిన చిన్న చిన్న ఇనప గోలీలు, బెల్లం పాకంలో వేరుసెనగ పలుకుల్లా, ఎర్రగా నల్లగా గట్టిపడిన ఒక ముద్దలో కూరుకుపోయి ఉన్నాయి. గోరుతో గీకాడు, రాలేదు. "ఇదేటి బాబూ, తారేసినారా ఇందులో?"

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా తాతగారికి గుర్రబ్బండి ఉండేది. ప్రతి విజయదశమి నాడు ఇంటి యజమాని స్వయంగా వెండిగిన్నెతో ఆముదం తెచ్చి ఆ బండి ఇరుసుల్లో పోయాలి. నౌకర్లు ఎందరున్నా ఆ పని యజమానిదే. గుర్రం పోయింది, బండి పోయింది, విజయదశమి మాత్రం ఏటా వచ్చేది. ఇరుసున్న వాహనం ఇంట్లో సైకిలొక్కటే మిగిలింది. తాతగారు దాని ఇరుసుల్లో పోశారు, తర్వాత మా నాన్నగారు పోశారు, ఆయన పోయిన ఏడాది నుంచి, పదమూడో ఏట నుంచి, నేను పోస్తున్నాను. వెండిగిన్నె అమ్ముకున్నాక ఇత్తడి గిన్నెతో పోశాను. చుక్క వెనక చుక్క, అది లోపలికి ఇంకిపోయేదాకా, ఓపిగ్గా, మా అమ్మ పక్కన నిలబడి చూస్తుండగా. గుండె సంగతి మనసులో పడిన ఆ ఏడాది, ఎందుకైనా మంచిదని, మామూలు కన్నా కొంచెం ఎక్కువే పోశాను.

ఇదంతా ఒక క్షణంలో నా కళ్ళముందు కదిలింది. పైకి మాత్రం ఒకే మాట అన్నాను. "ఆముదం."

పెద్దాయన నవ్వలేదు. "ఆముదం ఎడ్లబండికి బాబూ. ఆ ఇరుసులో సందుంటది, కారిపోద్ది. ఇక్కడ గోలీల కాడ పోస్తే ఎక్కడికెల్తది? ఆడే ఉండి జిగురైపోద్ది. దానికి మన పోర్టు ఎర్రమన్ను తోడైంది." ముద్దను తిప్పి చూశాడు. "ఇది ఒక మనిసి ఏసింది కాదు. అడుగున ఉన్నది శానా పాతది."

మా వించి అతను అప్పటిదాకా ఆపుకున్నాడు. ఇక ఆగలేకపోయాడు. బియ్యం బస్తా మీద వాలిపోయి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఆముదం తాగితే మనుసులు ఆగకుండా పరిగెడతారు బావా. మీ ఇంట్లో సైకిలికి ఆముదం తాగించి కాళ్ళు కట్టీసినారు."

మా తాతతండ్రుల ఆచారం గురించి నడివీధిలో ఒకరు అలా మాట్లాడుతుంటే నేను ఏమి చేయవలసిందో నాకు తెలుసు. దానికి బదులు నవ్వొచ్చింది. మొదట పెదవుల దగ్గర ఆపాను, తర్వాత ఆపలేదు. కొట్టు ముందు నిలబడి, అటూ ఇటూ పోయేవాళ్ళు చూస్తుండగా, కడుపు పట్టుకుని నవ్వాను. నేను చచ్చిపోవడం లేదు. మాకు చిన్న నూనె పొరపాటు ఒకటి ఉంది, అది కిరసనాయిలుతో వదులుతుంది. ఛాతీ మీద నుంచి ఎవరో బస్తాలు ఒక్కొక్కటే దించుతున్నట్టు అనిపించింది, వాటికి నేను గీతలు గీయనక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం నవ్వు మధ్యలో వచ్చి నిలబడింది. అడుగున ఉన్న పొరల్లో మా నాన్నగారు పోసినదీ ఉంది. ఆయన ఆయాసంలో ఇరుసుది ఎంతో, గుండెది ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పగలవాళ్ళు లేరు. ఆయనకూ దారిలో సైకిలు మార్చుకునే మనిషి ఒకడు ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

రెండు చక్రాలూ, పెడళ్ళూ విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, గోలీలు కొత్తవి వేసి, గ్రీజు పెట్టేసరికి దీపాలు పెట్టే వేళయింది. నేను ముగ్గురికీ టీ తెప్పించాను. వించి అతను బియ్యం ఇంటికి చేర్చాలన్న సంగతి మరిచిపోయి నాతోనే కూర్చున్నాడు. సైకిలులో తీసిపారేసిన భాగం ఒక్కటి కూడా లేదు. అదే స్టాండు, అదే రేకు తొడుగు, కాటా మీద పెడితే అదే ఇరవై ఆరు. ఎక్కి తొక్కాను. మా సందు వచ్చింది, మలుపు తిరగబుద్ధి కాలేదు. నేరుగా ఉక్కు కర్మాగారం వైపు, ఊరు పలచబడేదాకా, పని ఏమీ లేకుండా పోయి, వెనక్కి తిరిగి వచ్చాను. ఆ రోజు నా వెనక ఎవరూ లేరు, ముందూ ఎవరూ లేరు. సూపర్వైజరు సుద్దముక్కతో గీసిన గీత నిజమేనని నా కాళ్ళు ఒప్పుకున్నాయి. బయల్దేరేటప్పుడు బరువు తెలిసింది. తర్వాత తెలియలేదు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడూ ఆలస్యం చేయని మనిషిని కదా. కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను. చివర, "ఆ ట్రంకు పెట్టె కాగితాలు అందుకా?" అంది. అందుకే అన్నాను. "ఓడల దగ్గర పనిచేసే మనిషి, చెప్పాపెట్టకుండా ఏ ఓడో ఎక్కి పోవాలనుకుంటున్నారని నేను కుమిలి చస్తున్నాను. మీరేమో పైకి పోతున్నాననుకుంటున్నారు. ఇద్దరిలో ఒకరం నోరు తెరిస్తే ఇన్ని నెలల బాధ ఉండేది కాదు కదా," అంది. కోపంగానే అంది, కానీ అంటున్నప్పుడు నా చొక్కా మీది ఎర్రధూళిని చేత్తో దులుపుతోంది. మర్నాడు పని మానిపించి నన్ను వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళింది. బల్ల మీద, వరుసలో, ఒక దగ్గుతున్న ముసలాయనకూ చెవిపోటు ఉన్న పాపాయికీ మధ్య కూర్చున్నాను. ఊహించినంత అవమానంగా ఏమీ లేదు. ఆ ముసలాయన నాకు జరిగి చోటిచ్చాడు. వైద్యుడు గొట్టం పెట్టి ముందూ వెనకా విని, గుండె శుభ్రంగా ఉంది, రోజూ ఏం వ్యాయామం చేస్తారని అడిగాడు. మా ఆవిడ నా వైపు చూడకుండా కిటికీలోంచి బయటకు చూసింది. అయితే పూర్ణా మార్కెట్టుకు ఒంటరిగా వెళ్ళడం మాత్రం ఆవిడ మానలేదు. నేను తెస్తానన్నా ఒప్పుకోలేదు.

ఆ ఏడు విజయదశమికి మా అమ్మ ఎప్పటిలా ఇత్తడి గిన్నెలో ఆముదం తెచ్చి నా చేతికిచ్చింది. ఆవిడకు ఈ కథ నేను చెప్పలేదు. భర్త జ్ఞాపకంతో ముడిపడిన పని, ఎలా చెప్పాలో తెలియక రేపు రేపు అనుకుంటూ వచ్చాను. గిన్నె పట్టుకుని చక్రం ముందు కూర్చుని, పోయనూ లేక, లేవనూ లేక ఉండిపోయాను. మా అమ్మ పక్కకు వచ్చి వంగింది. "లోపల గ్రీజు పెట్టించావట కదా. మీ బావ చెప్పాడులే. పైన ఒక చుక్క రాయి, చాలు," అంది. అతను ఎప్పుడు వచ్చి చెప్పాడో, ఏమని చెప్పాడో నాకు తెలియదు. ఆరేడు కుటుంబాల లెక్క నాకన్నా కచ్చితంగా తెలిసిన మా అమ్మ, అతన్ని మీ బావ అన్నప్పుడు గొంతులో ఏ తడబాటూ లేదు. ఒక చుక్క రాశాను.

తర్వాత కొన్నేళ్ళకు ఆఫీసులో ఏదో కాగితం నింపుతూ వయస్సు అన్న చోట నలభై నాలుగు అని రాసి, కలం ఆపాను. మా నాన్నగారి వయస్సు దాటి అప్పటికే రెండేళ్ళయింది. ఒకప్పుడు రోజులు లెక్కపెట్టుకుంటూ భయపడిన ఆ నలభై రెండో ఏడు, ఏ నెలలో వచ్చిందో, ఏ నెలలో పోయిందో నాకు జ్ఞాపకం లేదు. ఆ రోజుల్లో పెద్దమ్మాయికి పరీక్షలు, ఇంటికి పెంకులు మార్పించడం, ఓడల రద్దీ, ఇలా ఏవో పనులుండి ఉంటాయి. మనం ఎదురుచూసి వణికిన కాలం కూడా, దాని వేళకు అది వచ్చి, మనం పనిలో ఉన్నామని చూసి, పలకరించకుండానే పక్కనుంచి వెళ్ళిపోతుంది.